గంటల లెక్కన ఇంటర్నెట్టు

ఇంటర్నెట్టుని గంటల లెక్కన కొనుక్కున్న తరం మాది. ఒక డబ్బా, అందులో ఓ సీడీ, పాస్‌వర్డు అచ్చేసిన కాగితం. ఇన్ని గంటలని దాని మీదే రాసుండేది. ఫోనుకి పడే కాల్స్ ఖర్చు వేరే. మోడెం కీచుమని, బుసకొట్టి, గొంతు సవరించుకుని లైను కలిపేదాకా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు, అదేదో దానికి వినపడుతుందన్నట్టు. వేగం 56 కేబీపీఎస్, అదీ కాగితం మీద. ఫొటోలో నుదురు కనపడ్డాక ముక్కు కోసం ఎదురుచూడాలి. గడ్డం దాకా వచ్చేలోపు పక్కగదిలో నాయనమ్మ ఎక్స్‌టెన్షన్ ఎత్తేది. లైను ఢమాల్. "ఎవరో ఫోన్లో ఏడుస్తున్నార్రా, పాపం" అని ఆవిడ కంగారు ఆవిడది.

మొదట్లో సర్కారువారి వీఎస్‌ఎన్‌ఎల్‌దే రాజ్యం. 1998 నవంబరులో ప్రైవేటుకి తలుపు తీశారు. ముందు దూరినవాళ్లలో మన సత్యం కంప్యూటర్స్ వారి సత్యం ఇన్ఫోవే ఒకటి. 1999 అక్టోబరులో 18 డాలర్ల చొప్పున షేర్లమ్మి, నాస్‌డాక్ ఎక్కిన తొలి భారతీయ ఇంటర్నెట్ కంపెనీ అనిపించుకుంది. మరుసటి నెలలోనే ఇండియావరల్డ్ అనే వెబ్‌సైట్ల కంపెనీకి 499 కోట్ల రూపాయలకు బేరం కుదుర్చుకుంది.

గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసే మా బాబాయి పేపరు మడిచి అడిగాడు.

"సరుకు యాడుందబ్బాయ్?"

"సరుకుండదు బాబాయ్. వెబ్‌సైట్లు."

"గోడౌనన్నా ఉందా?"

"లేదు."

"సన్నాలు గుప్పెడు తీసి, విరిచి, వాసన చూపిస్తేనే కిలోకి అర్ధరూపాయి కోస్తారు నాకు. వీళ్లకి కంటికి కనపడని దానికి 499 కోట్లా!" కాసేపు ఆలోచించి, "500 కానీకుండా ఆపినోడు మాత్రం మన యార్డోడే అయ్యుంటాడ్రా" అన్నాడు.

2000లో డాట్‌కామ్ బుడగ పేలింది. తర్వాత ఇన్ఫోవే వారి ఐ-వే నెట్ సెంటర్ల మోజు నడిచింది. పిల్లలు ఎంసెట్ ర్యాంకులకని వచ్చి యాహూ చాటింగులో తేలేవాళ్లు. 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక గంటల డబ్బా అడిగే నాథుడు లేడు. అదే ఏడు సత్యం కంప్యూటర్స్ ఇన్ఫోవేలో తన మిగతా వాటా రాజు వేగేశ్న సంస్థకి అమ్మేసి పక్కకి తప్పుకుంది. 2009 జనవరి 7న సత్యం అధినేత రామలింగరాజు తమ లెక్కలు తప్పని ఉత్తరం రాసేనాటికి ఇన్ఫోవే పేరు సిఫీ. ఆ పేరుమార్పు ఎంత కలిసొచ్చిందో చెప్పక్కర్లేదు.

సిఫీ ఇప్పటికీ ఉంది. పెద్ద కంపెనీల సర్వర్లకి డేటా సెంటర్లు కట్టి అద్దెకిస్తోంది. మొన్న బాబాయికి చెప్పాను: పెద్ద పెద్ద హాళ్లు, వేడెక్కకుండా పగలూ రాత్రీ ఏసీలు, కరెంటు పోతే జనరేటర్లు, లోపల ఎవరి సరుకు వాళ్లది.

"ఓరినీ, కోల్డ్ స్టోరేజీ అని చెప్పొచ్చుగా!" అన్నాడు. "ఇంతకీ టిక్కీకి అద్దె ఎంతంట?"