నిద్ర అప్పు, కండల కూడు

తెల్లవారుజామున నాలుగూ ముప్పావుకి లేచి, జిమ్ అద్దం ముందు ఊపిరి బిగబట్టి ఫొటో దిగి, కోడి కూయకముందే స్టేటస్ పెట్టేసిన మహానుభావుడికి పదకొండు గంటల మీటింగులో దవడలు ఊడిపోయేలా ఆవులింతలు. ఆ మహానుభావుణ్ణి నేనే.

"పొద్దున్నే వ్యాయామం చేస్తే రోజంతా హుషారన్నావు కదా తమ్ముడూ, నాకీ కునుకుపాట్లేంటి?" అంటే మా కోచ్ జాలిగా చూశాడు. "ప్రీ వర్కౌట్ తాగట్లేదా అన్నా? అందుకే." ఆ డబ్బా కొన్నాను. తర్వాత వే ప్రొటీన్. పాలు విరిగితే మా అమ్మమ్మ పారబోసే తేట ఉంది చూశారూ, దాదాపు అలాంటి తేటలోంచి తీసిన పొడికే చాక్లెట్ వాసన పట్టించి వేల రూపాయలకు అంటగట్టారు. ఒక స్కూపులోని మాంసకృత్తులు నాలుగు కోడిగుడ్లలోనూ దొరుకుతాయి. కానీ గుడ్డు మీద కండలవీరుడి బొమ్మ ఉండదే! ఆపైన మాత్రలు, నిమ్మ రుచి ఉప్పునీళ్లు. "రాత్రి ఎన్నింటికి పడుకున్నావన్నా?" అని మాత్రం ఒక్కడూ అడగలేదు. ఎందుకడుగుతారు? నిద్రకి ఎమ్మార్పీ లేదు.

లెక్క నేనే చెబుతా. కాలిఫోర్నియాలో వేసవి పొద్దున తొమ్మిదైతే హైదరాబాదులో రాత్రి తొమ్మిదిన్నర. వాళ్లు పళ్లు తోముకుని కాల్‌లోకి వస్తారు, మనం కళ్లు నులుముకుంటూ వస్తాం. పదిన్నరకి బిర్యానీ. అది అరగడానికి వెబ్ సిరీస్. పన్నెండున్నరకి పడక. పెద్దవాళ్లకి కనీసం 7 గంటల నిద్ర కావాలని వైద్యులు మొత్తుకుంటుంటే మన దగ్గర ఉన్నది నాలుగుంపావు. అప్పు చేసి పప్పుకూడు అంటే ఇదే. పప్పు బదులు ఓట్స్, అంతే తేడా.

మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుని, 'ఇక పడుకోరా' అని తలుపు తడుతుంది. ప్రీ వర్కౌట్ డబ్బాలోని కెఫీన్ ఆ బాకీ తీర్చదు, లోపలినుంచి గడియ పెడుతుందంతే. అప్పులవాళ్లు అరుగు మీదే కూర్చుని ఉంటారు. పైగా సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలోని కెఫీన్ రాత్రి పదకొండుకి కూడా దాదాపు సగం ఒంట్లోనే తిరుగుతుంటుంది. నిద్ర పట్టదు. పట్టలేదు కాబట్టి తెల్లారగానే మరో స్కూపు.

'పూర్వీకులు బ్రాహ్మీ ముహూర్తంలో లేచేవారు' అని వాట్సాప్‌లో ఉపదేశించే మా బాబాయిలాంటివాళ్లకి ఒక విన్నపం. సూర్యోదయానికి గంటన్నర ముందు లేచిన ఆ పూర్వీకులు గూట్లో దీపం, నోట్లో ముద్ద అనుకుని, ఆ వెంటనే ముసుగుతన్నినవాళ్లు బాబాయ్! వాళ్ల ఆస్తిలో లేవడం ఒక్కటే మన వాటాకి రాయించుకున్నాం.

పోనీ సాయంత్రం చేస్తే? వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు వంచమన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ, అది సూర్యుడు చూడకుండా వంచాలని షరతేమీ పెట్టలేదు. కానీ ఆరింటి చెమటని ఎవరు లైక్ చేస్తారు? పుణ్యమంతా ఐదింటి చెమటకే.

మొన్న మధ్యాహ్నం ఫీజు కట్టడానికి జిమ్‌కి వెళ్లాను. షట్టర్ సగం దించి ఉంది. వంగి లోపలికి దూరాను. గోడ మీద 'నిద్ర బలహీనుల లక్షణం' అనే పోస్టరు. దాని కింద, మొహం మీద తువ్వాలు కప్పుకుని, మా కోచ్ గుర్రు పెడుతున్నాడు. ఐదింటి బ్యాచ్‌కీ రాత్రి పదింటి బ్యాచ్‌కీ మధ్య అతనికి దొరికే వేళ అదే పాపం.

లేపడానికి మనసొప్పలేదు. పక్కన ఇంకో మ్యాట్ ఖాళీగా ఉంది.