ఫస్టియర్ డ్రాఫ్టర్‌ని నేను

నన్ను మినీ డ్రాఫ్టర్ అంటారు. ఇంజినీరింగ్ ఫస్టియర్ పిల్లల బ్యాగుల్లోంచి తల బయటపెట్టి తొంగిచూస్తుంటానే, ఆ సామాను నేనే. నన్ను చూసే సీనియర్లు కొత్తవాళ్లను దూరం నుంచి పట్టేస్తారు. రెండు జతల కడ్డీలు, కోణాల గుర్తులున్న గుండ్రటి తల, ఆ తలకు ఒకదానికొకటి లంబంగా బిగించిన రెండు స్కేళ్లు, బోర్డు అంచును పట్టుకునే ఒక మర. ఇంతే నేను. ఒక్కో కడ్డీల జతా ఒక సమాంతర చతుర్భుజం. అందుకే నన్ను బోర్డు మీద ఏ మూలకు లాగినా నా స్కేళ్ల దిశ మారదు. పై అంచున గీసిన గీతకు కింది అంచున గీసింది సమాంతరంగానే వస్తుంది. మర వదులైతే మాత్రం ఆ నమ్మకం ఉండదు.

2008లో కాకినాడ మెయిన్ రోడ్డులోని ఒక స్టేషనరీ షాపులో ఒక తండ్రి నన్ను చేతిలోకి తీసుకున్నాడు. పలాస మనిషి. జీడి ఫ్యాక్టరీలో పని. పక్కన ఇంజినీరింగ్‌లో చేరుతున్న కూతురు. “ఇది నాలుగేళ్లూ పనికొస్తాదా?” అని అడిగాడు. “ఒక్క ఫస్టియర్‌కేనండీ. ఆనక జూనియర్లకి అమ్మేసుకోవచ్చండి” అన్నాడు షాపాయన. తండ్రి మరో మాట మాట్లాడకుండా డబ్బులిచ్చాడు. ఆ ఏడే జేఎన్‌టీయూ విడిపోయి హైదరాబాద్, కాకినాడ, అనంతపురంలో వేర్వేరు యూనివర్సిటీలు వచ్చాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ధైర్యంతో మా పిల్లలాంటి వాళ్లు ఎందరో, ఇంట్లో మొదటిసారిగా, ఇంజినీరింగ్ గుమ్మం తొక్కుతున్న రోజులవి.

హాస్టల్ గదిలో నలుగురు. విజయవాడ పిల్ల, భీమవరం పిల్ల, రాజమండ్రి పిల్ల, మా పిల్ల. మొదటి వారంలోనే ఆమె “ఏటి?” అంటే మిగతా ముగ్గురూ నవ్వారు. కావాలని కాదు, కొత్తగా వినపడి నవ్వారు. అప్పట్నుంచి ఆమె మాట తగ్గించేసింది. నోరు విప్పాల్సి వస్తే ముందు లోపల వాక్యం సరిచేసుకుని పైకి అనేది. అలా సరిచేసుకునేలోపు అడగాల్సిన సందర్భం దాటిపోయేది. క్లాసులో కూడా అంతే జరిగింది.

డ్రాయింగ్ షీట్లు వారం వారం ఇవ్వాలి. రాత్రి పదయ్యాక హాస్టల్లో గాజు పలకలు బయటికొచ్చేవి. రెండు బకెట్ల మీద గాజు, దాని కింద ట్యూబ్‌లైటు, పైన ఒకరు గీసిన షీటు, ఆపైన ఇంకొకరి తెల్ల కాగితం. గంటలో బొమ్మ దిగిపోయేది. ఆ రాత్రుళ్లు నేను మంచం కిందే ఉండేదాన్ని. మా పిల్ల షీట్లకు పదికి ఎనిమిదీ తొమ్మిదీ పడ్డాయి. ఆమెను నేను తప్పుపట్టను. అంతకు ముందు రెండేళ్లు ఎంసెట్ కోసం పొద్దుట్నుంచి రాత్రి దాకా బిట్లు చేసొచ్చిన పిల్ల. ఇచ్చిన నాలుగు జవాబుల్లో సరైనది ఎంచడం ఆమెకు బాగా వచ్చు. జవాబు ఎక్కడా రాసి లేని ఖాళీ కాగితం ముందు కూర్చోవడం ఆమెకెవరూ నేర్పలేదు.

ఇంటర్నల్ పరీక్షలో ఆ ఖాళీ కాగితం ఎదురైంది. భుజం 30 మిల్లీమీటర్లు, ఎత్తు 60 మిల్లీమీటర్లు ఉన్న షడ్భుజాకార పట్టకం. అడుగు అంచు ఒకటి నేలకు ఆని, అక్షం 45 డిగ్రీలు వాలి ఉంది. ఎదురుగా చూస్తే ఎలా ఉంటుంది, పైనుంచి చూస్తే ఎలా ఉంటుంది? ఆమె నన్ను బిగించింది. అంచు గీసింది, కుడి మూల పేరూ నంబరూ రాసే గడి గీసింది, మధ్యలో రెండు చూపులనూ విడదీసే ఎక్స్‌వై గీత గీసింది. ఆ తర్వాత గంటసేపు నా స్కేళ్లు కదల్లేదు.

ఆ సాయంత్రం భోజనానికి వెళ్లకుండా కూర్చుంటే విజయవాడ పిల్ల వచ్చి పక్కన చేరింది. “ఏమైందే?” అంటే మా పిల్ల వాక్యం సరిచేసుకోలేదు. “నాకేటీ అర్థం అవట్నేదే. అది వాలితే ఎలగుంటాదో నా కళ్లకి కనపడట్నేదు” అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. “నాకూ కనపడదు. నేనూ ట్రేసే కదా” అంది ఆ పిల్ల. ఇద్దరూ కాసేపు ఊరకే కూర్చున్నారు. తర్వాత మా పిల్ల లేచి, బకెట్లోంచి బట్టల సబ్బు తీసి, బ్లేడుతో చెక్కడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ జీడిపిక్కలు ఒలిచే మనిషి. చేతిపని ఒడుపు ఇంట్లోనే అబ్బినట్టుంది. ఆరు పక్కలూ తేలేసరికి గదంతా సబ్బు పొట్టు.

సబ్బుముక్కను బోర్డు మీద నిటారుగా నిలబెట్టి పైనుంచి చూశారు. షడ్భుజి. వాల్చబోయే అంచును ఒక పక్కకు తిప్పి ఎదురుగా చూస్తే పక్కపక్కనే రెండు దీర్ఘచతురస్రాలు. తర్వాత ఆ అంచు మీద వాల్చి, వేలితో ఆపి, మంచం ఎక్కి ఒక్క కన్ను మూసి చూశారు. పై ముఖం నొక్కుకుపోయిన షడ్భుజిలా కనిపించింది. అడుగు ముఖంలో కొన్ని అంచులు అసలు కనిపించలేదు. “కనపడని అంచుల్ని ఒదిలీకూడదే, గీత తెంపి తెంపి గియ్యాల. భట్ రాసిన డ్రాయింగ్ పుస్తకంలో ఉంది” అంది మా పిల్ల. ఆ రాత్రి నాకు పని దొరికింది. మన దేశంలో వాడే పద్ధతిలో ఎదుటి చూపు ఎక్స్‌వై గీతకు పైన, పై చూపు కింద వస్తాయి. వాల్చిన బొమ్మ మూలల నుంచి నిలువు గీతలు దింపింది, పాత షడ్భుజి మూలల నుంచి అడ్డగీతలు లాగింది. గీతలు కలిసిన ప్రతిచోటా సన్నటి 2హెచ్ పెన్సిల్‌తో చుక్క. చుక్కలు కలిపితే సబ్బుముక్క కాగితం మీదికొచ్చింది. రెండున్నరైంది. నా మర నొప్పి పుట్టేంత బిగించి ఉంది. అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు.

ఆ తర్వాతి షీట్లకు మార్కులు తగ్గాయి. ఆరు, ఆరున్నర. గీత మందం కుదిరేది కాదు, చెరిపిన మచ్చలు ఉండేవి. అయినా గాజు పలక దగ్గరికి ఆమె మళ్లీ వెళ్లలేదు. క్లాసులో చెయ్యెత్తి, తన ఊరి మాటలోనే, “ఈ అంచు ఎందుకు కనపడదండి సార్?” అని అడిగింది. మాస్టారు సుద్దపెట్టె తీసి వాల్చి చూపించారు. వెనక బెంచీల నుంచి ఇద్దరు ముగ్గురు లేచొచ్చి చూశారు. వాళ్లకూ అదే సందేహమట.

ఫస్టియర్‌లో ఆమెకు మ్యాథ్స్ పోయింది. సప్లీ ఫలితం వచ్చేదాకా ఇంట్లో చెప్పలేదు. విజయవాడ పిల్లకు బట్టలుతకడం ఆమే నేర్పింది. బదులుగా సి ప్రోగ్రాములో పాయింటర్లు చెప్పించుకుంది. సంక్రాంతికి సామర్లకోటలో రైలెక్కేదాకా ఇద్దరూ అవే మాట్లాడుకున్నారు.

సెకండియర్‌లో నా అవసరం తీరింది. తుని నుంచి వచ్చిన జూనియర్ ఒకమ్మాయి నన్ను కొంటానని అడిగింది. మా పిల్ల సగం ధర చెప్పింది, ఆ డబ్బు డేటా స్ట్రక్చర్స్ పుస్తకానికి కావాలి. బేరం కుదిరాక నా కడ్డీలు తుడిచి, మర ఎలా బిగించాలో రెండుసార్లు చేసి చూపించింది.

“మెస్ పక్క కొట్లో బట్టల సబ్బు కూడా ఒకటి కొనుక్కో.”

“సబ్బెందుకక్కా?”

“బ్లేడుందేటి? కూకో, చెప్తాను.”