ఉన్నదీ లేనిదీ కాని కరెంటు

"సారూ, మీకున్నదా?"

గోడ అవతలి నుంచి పక్కింటామె అడిగిన ఈ చిన్న ప్రశ్నకు నల్లగొండలోని ఆ రిటైర్డ్ లెక్కల సారు వెంటనే జవాబు చెప్పలేకపోయారు. మే నెల, రాత్రి ఎనిమిదవుతోంది. హాల్లో ఫ్యాను హాయిగా తిరుగుతోంది, టీవీలో వార్తలు వస్తున్నాయి. వంటింట్లో పల్లిచట్నీ రుబ్బుతున్న మిక్సీ మాత్రం మూలిగి మూలిగి ఆగిపోయింది. పడకగదిలో పాత ట్యూబ్‌లైటు వెలగబోయి వెలగలేక, రెండు కొసల్లో ఎర్రబడి ఊరుకుంది. ఫ్రిజ్ గుర్రుమంటోంది, స్టెబిలైజర్ టక్కు టక్కుమంటోంది.

"ఉన్నదమ్మా," అన్నారు సారు చివరికి. "కొంచెం."

మొత్తంగా కరెంటు పోవడంలో ఒక మర్యాద ఉంది. వీధి వీధంతా ఒకేసారి చీకటవుతుంది. అందరూ విసనకర్రలు పట్టుకుని అరుగుల మీదికి వస్తారు, ఎవరికీ ఎవరిమీదా అసూయ ఉండదు. ఫేజు పోతే అలా కాదు. ఒక ఇల్లు పెళ్లివారిల్లులా వెలుగుతుంటే, ఆ పక్క రెండిళ్లు గుడ్డి దీపాలతో దాన్ని చూస్తుంటాయి. సారు ఇంటి పరిస్థితి ఇంకా విచిత్రం. కిందటేడు ఏసీ కొన్నాక త్రీఫేజ్ మీటరు పెట్టించుకున్నారు కనుక, ఆ వీధి భాగవతమంతా ఆయన ఒక్క ఇంట్లోనే జరుగుతోంది. హాలుకు ఒక ఫేజు, వంటింటికి ఒకటి, పడకగదికి ఒకటి.

సారు టెస్టర్ తీశారు. వంటింటి ప్లగ్గులో పెడితే వెలిగింది. పడకగదిలోనూ వెలిగింది. "అంతటా ఉన్నది," అని ప్రకటించారు. ఇంటావిడ ఆగిపోయిన మిక్సీ వైపు చూసి, "టెస్టరుకు ఉన్నది, మనకు లేదు," అంది. ఆవిడ మాటే నిజం. టెస్టర్‌లోని చిన్న నియాన్ దీపానికి 230 వోల్టులున్నా వెలుగే, అందులో సగమున్నా వెలుగే. వంటింటి ఎల్‌ఈడీ బల్బు కూడా ఏమీ ఎరగనట్టు వెలుగుతోంది, సగం వోల్టేజితోనే సర్దుకుపోయే రకం అది. ఇంట్లో నిజం చెప్పే వస్తువు ఒక్కటే మిగిలింది. వంటింటి మూలన ఉన్న పూజగూట్లో, దేవుడి పటం ముందు పెట్టిన పాతకాలపు జీరో బల్బు. అందులో తీగ చల్లారబోయే నిప్పుకణికలా ఎర్రగా కనబడుతోంది.

ఇక ఇన్వర్టర్. దాన్ని పదిహేడు వేలు పోసి కొన్నదే ఇలాంటి రోజు కోసం. కానీ దానికి వచ్చే వైరు హాలు ఫేజుది. హాల్లో కరెంటు నిండుగా ఉంది కనుక తన అవసరమేమీ రాలేదనుకుని, పచ్చ లైటు వేసుకుని చల్లగా కూర్చుంది.

సారు బామ్మర్ది అచ్చంపేట దగ్గర వ్యవసాయం చేస్తాడు. చదివింది ఎనిమిదో తరగతి, ఫేజుల విషయంలో మాత్రం ఆయనకు మించిన పండితుడు లేడు. ఫోన్ చేస్తే రెండే ప్రశ్నలడిగాడు. "బావా, జీరో బుగ్గ ఎట్ల వెలుగుతుంది? ఫుల్లు ఎక్కడొస్తుంది?" వివరం విని, "అయితే మీ గల్లీది కాదే. పైన హెచ్‌టీ ఫీజు ఒకటి ఎగిరింది," అని తేల్చేశాడు.

ఈ విద్య పాలమూరు, నల్లగొండ రైతులకు ఊరికే రాలేదు. చెరువులు, కాలువలు అందని మెట్టనేలలో బతుకంతా బోరుబావి మీద, బోరు బతుకంతా మూడు ఫేజుల మీద. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు మొదలైనా, చాలా ఏళ్లు త్రీఫేజ్ వచ్చేది వంతుల ప్రకారమే. ఒక వారం పగలు వస్తే ఇంకో వారం అర్ధరాత్రి. మిగతా సమయంలో ఊళ్లో దీపాలకని సింగిల్ ఫేజే ఇచ్చేవారు. దాంతోనే మోటారు ఎక్కించడానికి కండెన్సర్లు కట్టిన ఘనులున్నారు. రాత్రి లేచి పొలం పోలేక ఆటో స్టార్టర్లు పెట్టుకున్నవాళ్లున్నారు. స్టార్టరు డబ్బా మీద ఎర్ర, పసుపు, నీలం బుగ్గలు మూడూ వెలిగితేనే చెయ్యి వేయాలి. రెండే వెలిగినప్పుడు మీట నొక్కితే మోటారు తిరగదు, హూమ్మని ఊగుతుంది. తిరుగుతున్నప్పుడు ఒకటి పోతే ఇంకా నష్టం, మూడింటి బరువు రెండు మోసి వైండింగ్ మాడిపోతుంది. మాడిన రాగిచుట్ల వాసన ఒక్కసారి పీల్చిన రైతు జన్మలో ఫేజుల లెక్క తప్పడు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక, ఆ ఆటో స్టార్టర్లే మోటార్లను ఆపకుండా నడిపి బోర్లు ఎండబెడుతున్నాయని, వాటిని తీసేయమని ప్రభుత్వమే ప్రచారం చేయాల్సి వచ్చింది.

"అయితే సగం వోల్టేజి ఎందుకొస్తది?" అని సారు అడిగారు. బామ్మర్ది దగ్గర జవాబు లేదు. "అది మీ లెక్కల పని," అన్నాడు. నిజంగానే లెక్కల పని. వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్‌కు పైనుంచి 11 కేవీ తీగలు మూడు వస్తాయి. లోపలి చుట్లు మూడూ త్రిభుజంలా కలిపి ఉంటాయి, మూలకో తీగ. ఒక మూల తీగకు ఫీజు పోయిందనుకుందాం. మిగిలిన రెండు మూలల మధ్య ఉన్న భుజానికి వోల్టేజి పూర్తిగా అందుతుంది. తక్కిన రెండు భుజాలూ ఒకదాని వెనక ఒకటి నిలబడి అదే వోల్టేజిని చెరిసగం పంచుకుంటాయి. కనుక కింద ఒక ఫేజుకు 230, మిగతా రెండింటికి 115 దగ్గర. సారు కరెంటు బిల్లు వెనకాల బొమ్మ గీసుకుని, తనలో తాను నవ్వుకున్నారు. రాష్ట్ర విభజనప్పుడు కరెంటును తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతం అని దశాంశాలతో సహా పంచారు. స్తంభం మీది పంపకానికి దశాంశాలు అక్కర్లేదు.

పెద్ద చీకట్లు చరిత్రకెక్కుతాయి. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్లు కూలి కోట్లమంది చీకట్లో పడితే ప్రపంచమంతా రాసింది. దక్షిణాది గ్రిడ్ అప్పటికి వాటితో పూర్తిగా కలవలేదు కనుక మనం బయటపడ్డాం. ఆ కలయిక 2013 డిసెంబరు 31న, పాలమూరు సరిహద్దు దాటగానే వచ్చే రాయచూరు నుంచి షోలాపూర్‌కు వేసిన లైనుతో జరిగింది. కానీ పల్లిచట్నీ సగంలో ఆగిన సంగతి ఏ పేపరు రాస్తుంది? పాలమూరు, నల్లగొండ ఉమ్మడి జిల్లాల చుట్టూ చూస్తే పవర్‌హౌస్‌లకు కొదవ లేదు. నాగార్జునసాగర్ ఉంది, శ్రీశైలం ఎడమగట్టున 900 మెగావాట్లది ఉంది, జూరాల ఉంది, దామరచర్లలో 4,000 మెగావాట్లకు తలపెట్టిన యాదాద్రి ఉంది. అంత కరెంటూ చివరికి వేలెడు ఫీజు తీగ దయ మీదే మిక్సీ దాకా రావాలి.

"నేను పోయి చూసొస్తా," అని సారు టార్చి తీశారు. ఫోన్‌లో బామ్మర్ది గొంతు మారిపోయింది. "ట్రాన్స్‌ఫార్మర్ కాడికి పోకు బావా. నీకు దండం పెడతా." ఫీజు వేయబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల వార్తలు ఈ ప్రాంతంలో పేపరు చదివేవాళ్లకు కొత్త కాదు. సారు టార్చి కింద పెట్టి 1912కు ఫోన్ చేశారు.

ఈలోగా వలస మొదలైంది. పక్కింటికి ఫుల్లు ఫేజు. పాలగిన్నె, దోసెల పిండి, సారు ఇన్సులిన్ గోడ మీదుగా అటు వెళ్లాయి. హాల్లోంచి వంటింటికి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగితే దాని తీగ సరిగ్గా గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఫ్రిజ్‌నే గుమ్మం దాకా జరిపారు. ఇక వంటింట్లోకి వెళ్లాలంటే పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి వెళ్లాలి. సారు ఒకసారి ప్రయత్నించి, ఏడాది పొడుగునా వాకింగ్ వాయిదా వేసినందుకు చింతించారు.

పదిన్నరకు లైన్‌మన్ వచ్చి, ఏబీ స్విచ్ దించి లైను మొత్తం ఆపాడు. అప్పుడు వీధంతా ఒక్కటైంది. సారు ఇన్వర్టర్ కూడా మేలుకుంది. పక్కింటామె బయటికొచ్చి, "మాకూ పోయింది సారూ," అంది, ఏదో బాకీ తీరినట్టు. వంటింట్లో ఇంటావిడ మిక్సీ మూత తీసి చట్నీ రుచి చూసింది, వచ్చిందేమోనని రెండుసార్లు స్విచ్ నొక్కి చూసింది, విసుగొచ్చి అలాగే వదిలేసి హాల్లోకి వచ్చింది.

పదకొండున్నరకు మూడు ఫేజులూ ఒక్కసారిగా వచ్చాయి. వంటింట్లో మిక్సీ గర్జించింది. సారు ఫ్రిజ్‌ను దాటుకుని లోపలికి చేరేసరికి పల్లిచట్నీ పొయ్యి వెనక టైల్స్ మీద, క్యాలెండర్‌లో ఆ నెలంతటి మీద, నిండుగా వెలుగుతున్న జీరో బల్బు మీద పరుచుకుని ఉంది.

"సారూ, మీకొచ్చిందా?" గోడ అవతలి నుంచి కేక.

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "వచ్చిందమ్మా. పూర్తిగా వచ్చింది."