లారీ కింది బతుకు

దసరా నాడు స్టీరింగుకు పసుపు కుంకుమ పెడతారు, బానెట్టుకు దండ వేస్తారు, టైర్లతో నిమ్మకాయలు తొక్కిస్తారు. వంగి నాకు బొట్టు పెట్టినవాడు ఇంతవరకు లేడు. నేను ఆ లారీ వెనక ఇరుసుకు తొడిగిన ఉక్కు గూడును. షెడ్లలో హౌసింగ్ అంటారు. క్రౌను, పినియను, షాఫ్టులు నా కడుపులో తిరుగుతాయి. కమాను కట్టలు నా భుజాల మీద కూర్చుంటాయి, వాటి మీద లోడు.

మొదట్లో ఆదిలాబాద్ పత్తి మోశాను. ఎత్తు చూస్తే భయం, బరువు చూస్తే నవ్వు. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు తప్ప ఆయాసం తెలియలేదు. ఓనరు మారాక కరీంనగర్ గ్రానైటుకు వచ్చి పడ్డాను. ఇక్కడి ట్యాన్ బ్రౌన్ రాయి కాకినాడ రేవులో ఓడెక్కి దేశాలు చూస్తుందట. ఒక్క ఘనమీటరే 2.7 టన్నుల దాకా తూగుతుంది. నాలుగు టైర్ల ఇరుసుకు 10.2 టన్నులుగా ఉన్న హద్దును 2018లో 11.5 చేశారు. హద్దు పెరిగింది గానీ నా రేకు మందం పెరగలేదు. ఆ హద్దూ దాటించిన లోడింగుల లెక్క నా నడుముకే తెలుసు.

చక్రాలు చివర్లను పైకి నెడతాయి, కమాన్లు లోపలివైపు కిందికి తొక్కుతాయి. మధ్యలో కింది వైపు సాగుతుంది. అక్కడే చీలాను. నూనె చెమ్మ, దాని మీద దుమ్ము చూసి డ్రైవరు సీలు లీకనుకున్నాడు. తర్వాత రోడ్డు పక్కన ఒకాయన (పేరెందుకు లెండి) మసి కూడా తుడవకుండా పైన ముద్ద వేసి పంపాడు. నెల తిరక్కుండా ఆ ముద్ద అంచునే మళ్లీ పగిలాను.

ఈసారి బైపాస్ దగ్గర ఓ ముసలి వెల్డరు షెడ్డు.

"కాకా, గంటల అయితదా? లోడు ఆగింది."

"గంటల అతికిస్త తమ్మీ. క్వారీ దాటకముందే మల్ల ఇరుగుతది, మంచిదేనా?"

డ్రైవరు నులక మంచం వెతుక్కున్నాడు.

అన్నీ విప్పేసి నన్ను దిమ్మెల మీద బోర్లించారు. కాకా గ్రైండరు ఆనించి రవ్వలు చూశాడు. పొడుగ్గా, పువ్వుల్లా విచ్చుకున్నాయి. పోత కాదు, ఉక్కే. పాత ముద్దంతా చెక్కేశాడు. కిరోసిన్ రాసి, తుడిచి, సున్నం పూశాడు. తెల్లటి పూత మీద తడిగీత లేచింది, కంటికి కనిపించిన చీలిక కన్నా రెండు వేళ్లు ఎక్కువ. ఆ గీత రెండు కొసల్లో రంధ్రాలు వేశాడు. మొన ఉన్నంతసేపు చీలిక పాకుతూనే ఉంటుంది, గుండ్రటి రంధ్రం తగిలితే ఆగుతుంది. తర్వాత గీత వెంట లోతుగా గాడి తీశాడు.

కిరోసిన్ డబ్బా దూరం పెట్టించి, నేను బాగా ఆరాకే గ్యాసు మంట వెలిగించాడు. ఇక శుభ్రమయ్యానని నేననుకుంటుండగా గాడిలోంచి నల్లటి నూనె చెమటలా ఊరింది. ఏళ్లుగా తాగిన గేరాయిలు! తుడిచాడు, మళ్లీ కాచాడు, మళ్లీ ఊరింది. అది ఉండగా అతికితే లోపల బుడగలే మిగిలేవి. కాకా దగ్గర పని నేర్చుకునే పోరడు విసుక్కున్నాడు. కాకా మాట్లాడలేదు, ఇంకో పాత బట్ట అందుకున్నాడు.

పొద్దు వాలేసరికి నా వంపు దారం లాగి చూశారు. రాడ్లు వేడి డబ్బాలోంచి బయటికొచ్చాయి. ఎర్తు క్లాంపు గీకిన చోట పట్టింది. చుట్టూ చెయ్యి ఆనించలేనంత వేడెక్కాను. కాకా ముసుగు దించుకున్నాడు.

"ఇగ కండ్లు మూస్కో బిడ్డా," అన్నాడు. పోరడితోనో, నాతోనో.