బస్సు మా ఊళ్లో పడుకునేది

మా ఊరు ఘట్‌కేసర్ నుంచి లోపలికి నాలుగు కిలోమీటర్లు. పేరు చెప్పను. చెబితే "అంకుల్, ప్లాటు ఏమైనా అమ్ముతారా" అని ఫోన్లు మొదలవుతాయి. ఆ ఊళ్లో నా చిన్నతనంలో ఆఖరి బస్సు రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చి, చింతచెట్టు కింద ఆగి, అక్కడే పడుకునేది. నైటౌట్ బస్సు అనేవాళ్లం. డ్రైవరుకూ కండక్టరుకూ పంచాయతీ అరుగు మీద పడక, ఎండాకాలమైతే బస్సు టాపు మీదే. ఒకరింటి నుంచి పప్పుచారు, ఇంకొకరింటి నుంచి మామిడికాయ తొక్కు నడిచొచ్చేవి. పొద్దున అయిదుంబావుకు ఇంజను గుర్రుమనగానే పాలు పిండినవాళ్లు క్యాను మూత బిగించేవాళ్లు. మొదటి హారనుకు చెప్పులు వెతుక్కోవడం, రెండో హారనుకు పరుగు. మూడో హారను ఎవరి కోసమో ఊరంతటికీ తెలుసు. ఆయన రోజూ లేటే. ఆయన వచ్చేదాకా బస్సు కదిలేది కాదు.

పంచాయతీ గోడకు ఒక రేకు ఉండేది. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు. వచ్చే బస్సులు నాలుగు, పోయే బస్సులు నాలుగు. చదువురాని మా అమ్మమ్మ కూడా ఆ రేకు వైపు చూసి "టైమయింది" అనేది.

ఇప్పుడా చింతచెట్టు లేదు. అది ఉన్నచోట అపార్టుమెంట్లు. ఇళ్లు వందల్లో ఉన్నప్పుడు మా ఊరికి పడుకోవడానికి బస్సు వచ్చేది. వేలల్లోకి వచ్చాక, రాత్రి ఎనిమిది దాటితే మెలకువగా ఉన్న బస్సు కూడా రావడం లేదు.

"మా రోజుల్లో" అని నేను నోరు తెరవగానే మా మనవరాలు చెవుల్లో ఆ తెల్ల బుడిపెలు పెట్టుకుంటుంది. మీరు పెట్టుకోకండి. నా లెక్క ఒక్కటే, వినండి.

డెబ్బై తొమ్మిదిలో నాకు కోఠిలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఊళ్లో ఎక్కితే సికింద్రాబాద్‌లో దిగడమే. జోడిమెట్ల, నారపల్లి, మేడిపల్లి, పీర్జాదిగూడ, బోడుప్పల్... ఇప్పుడివన్నీ ట్రాఫిక్ సిగ్నళ్ల పేర్లు. అప్పుడు ఒక్కో స్టేజీకీ మధ్య జొన్నచేలు, అక్కడక్కడా ద్రాక్షపందిళ్లు. ఉప్పల్ వచ్చిందంటే పట్నం వాసన తగిలేది. హబ్సిగూడ దాటి తార్నాకలో యూనివర్సిటీ పిల్లలు ఎక్కారంటే బస్సు ఒక పక్కకు ఒరిగేది. నేను ఫుట్‌బోర్డు మీద ఒక కాలు, గాలిలో ఒక కాలు. చొక్కా గుండీలు ఇంటిదగ్గర అయిదు పెట్టుకుంటే ఆఫీసు చేరేసరికి మూడు. జేబు కత్తిరించినవాడికి కూడా పండగ రోజుల్లో తప్ప ఏం దొరికేది కాదు, పాపం.

సుఖంగా ఉండేదని నేననడం లేదు. అలా అనే ముసలివాళ్లు మా వీధిలో చాలామంది ఉన్నారు, వాళ్ల మాట నమ్మకండి. ఉక్కపోత, తొక్కిడి, సీటు కింద ఎవరిదో కోడిపుంజు, మీద ఎవరిదో కాకరకాయల గంప. కానీ ఆ తొక్కిడిలో ఒక పద్ధతి ఉండేది. ఆడవాళ్లు ముందు తలుపు, మగవాళ్లు వెనక తలుపు. ముందు ఎక్కినావిడ రూపాయి నోటు పన్నెండు చేతులు మారి వెనకున్న కండక్టరును చేరేది. టికెట్టూ చిల్లరా అదే పన్నెండు చేతుల మీదుగా తిరిగి వెళ్లేవి. మధ్యలో ఒక్క పైసా పోయేది కాదు. నా చిల్లర మాత్రం పోయేది. తప్పు నాదే. కండక్టరు టికెట్టు వెనకాల నలభై పైసలని రాసిచ్చేవాడు, నేను దిగేటప్పుడు మరిచిపోయేవాణ్ని. ముప్పై ఏళ్లలో అలా వదిలేసిన చిల్లరతో ఉప్పల్లో ఒక గది వేసుకునేవాణ్ని. ఆ రోజుల్లో కొని ఉంటే రెండు గదులు.

సికింద్రాబాద్‌లో దిగి డబుల్‌డెక్కర్ పట్టుకునేవాణ్ని. పైఅంతస్తు, ముందు సీటు. ట్యాంక్‌బండ్ మీదికి వచ్చేసరికి గుమాస్తాగాడు కాస్తా నవాబు అయిపోయేవాడు. హుస్సేన్‌సాగర్ నడుమ అప్పటికి బుద్ధుడు లేడు, ఆయన వచ్చి నిలబడింది 92 డిసెంబరులో. ఈ శతాబ్దం మొదట్లో ఆ రెండంతస్తుల బస్సుల్ని పక్కన పెట్టేశారు. 2023లో కరెంటువి మూడు తెచ్చారని పేపర్లో చదివి ఎగిరి గంతేసినంత పని చేశాను. తీరా చూస్తే అవి ఆఫీసుకు పోయేవి కావు, సాగర్ చుట్టూ షికారు తిప్పేవి. మేం రోజూ గొణుక్కుంటూ ఎక్కిన బండి ముందు ఇప్పటి పిల్లలు నిలబడి ఫోటో దిగుతున్నారు.

ఇక అసలు గొణుగుడుకు వస్తాను.

1932 జూన్‌లో హైదరాబాద్ రాజ్యంలో సర్కారు బస్సులు మొదలైనప్పుడు ఉన్నవి 27 బస్సులు, 166 మంది సిబ్బంది. వాటిని నడిపింది ఎవరు? రైల్వే. నిజాం స్టేట్ రైల్వేలో రోడ్డు రవాణా ఒక విభాగం. అంటే పట్టాల మీద పోయేదానికీ రోడ్డు మీద పోయేదానికీ యజమాని ఒక్కడే. రైలు ఎన్నింటికి వస్తుందో బస్సుకు తెలియదనడానికి వీల్లేదు, ఇద్దరూ జీతం తీసుకునేది ఒక్క ఖజానాలోనే కదా. తర్వాత ఎవరిదారి వాళ్లదయింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ పుట్టింది. జిల్లాల బస్సులు గౌలిగూడలో, మిసిసిపీ హ్యాంగర్ అని పిలిచే ఆ పాత విమానాల షెడ్డులోంచి బయలుదేరేవి. సగం కోసిన పీపాలాంటి రేకు కప్పు, కింద వేలమంది. 94లో ఇమ్లీబన్‌లో పెద్ద బస్టాండు వచ్చింది గానీ, మా వయసువాళ్లం ఇప్పటికీ దాన్ని పాత పేరుతో సీబీఎస్ అనే అంటాం. ఆ షెడ్డు 2018 జూలై 5న ఉన్నట్టుండి కూలిపోయింది. ఆ వార్త చదివిన రోజు నేను రెండో ముద్ద తినలేకపోయాను. మా ఆవిడ ఎవరైనా పోయారేమో అనుకుంది.

ఇప్పుడు మా మనవరాలి ప్రయాణం చూడండి. రాయదుర్గంలో ఉద్యోగం. ఊరి నుంచి ఘట్‌కేసర్‌కు షేర్ ఆటో. అక్కడి నుంచి ఉప్పల్‌కు బస్సు. ఉప్పల్ రింగురోడ్డు మీద 2023లో తెరిచిన ఆకాశవంతెన ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి మెట్రో. రాయదుర్గంలో దిగి మళ్లీ ఆటో. నాలుగు బండ్లు, నాలుగు చోట్ల ఎదురుచూపు. మెట్రోలో చల్లగా ఉంటుంది, కాదనను. 2017 నవంబరులో మొదలైంది, ఇప్పుడు 69 కిలోమీటర్లు. మొదట్లో నేనూ ఎక్కి, ఆ కిటికీలోంచి కింద ఇరుక్కున్న కార్లను చూసి పాపిష్టి ఆనందం పొందినవాణ్నే. కానీ మెట్రోలో గడిచేది ప్రయాణంలో సగం. మిగతా సగం మెట్రో దగ్గరికి పోవడం, మెట్రో దగ్గర్నుంచి పోవడం. ఈ రెండు కొసముక్కల ఖర్చే ఒక్కోరోజు నడిమి ముక్క కన్నా ఎక్కువ. ఇదీ నా లెక్క. మా రోజుల్లో బండి మా దగ్గరికి వచ్చేది. ఇప్పుడు మేమే బండిని వెతుక్కుంటూ పోతున్నాం.

ఎంఎంటీఎస్ సంగతి ఇంకా విచిత్రం. 2003 ఆగస్టు 9న మొదలైన ఆ రైలు పేరులోనే ఉంది, మల్టీ మోడల్ అని. అంటే రైలు దిగితే బస్సు, బస్సు దిగితే రైలు, అన్నీ ఒకదానికొకటి అందాలని. మా ఘట్‌కేసర్‌కు అది రావడానికి 2024 మార్చి దాకా పట్టింది. ఇరవై ఏళ్లు ఎదురుచూశాం కదా అని జెండా ఊపిన రోజు కొత్త ధోవతి కట్టుకుని స్టేషనుకు పోయాను. ఆ రైలు లింగంపల్లికి పోతుందట. సంతోషం. ఎటు నుంచి? మౌలాలి, సనత్‌నగర్ మీదుగా. సికింద్రాబాద్ ముట్టుకోకుండా! మా ఊరివాళ్లు వందేళ్లుగా పట్నం అంటే సికింద్రాబాద్ అనే అనుకుంటున్నారు, పాపం ఎవరూ చెప్పలేదు. పోనీ కొండాపూర్ వైపు పనిచేసే పిల్లలకైనా పనికొస్తుందనుకుంటే, రోజుకు ఎన్ని రైళ్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వేళ్లు మిగులుతాయి కూడా.

దీనికన్నా మా పాత కాజీపేట ప్యాసింజరు మేలు. భువనగిరి, బీబీనగర్ నుంచి పాలవాళ్లు కిటికీ ఊచలకు క్యాన్లు తగిలించుకుని వచ్చేవాళ్లు. సీజన్ టికెట్టు ఉన్నవాళ్లందరికీ సొంత సీటు ఉన్నట్టే. కరోనా వచ్చాక ప్యాసింజర్లకు ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి, పది రూపాయల కనీస చార్జీని ముప్పై చేశారు. బండి అదే, ఆగే స్టేషన్లు అవే, వేగం అదే. 2024లో మళ్లీ పదికి దించారు.

రోడ్డు గురించి చెప్పకపోతే మా వరంగల్ హైవే నన్ను క్షమించదు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవరు అని 2018లో శంకుస్థాపన చేశారు. ఏళ్లకేళ్లు స్తంభాలే. కింద గుంతలు, పైన ఆకాశం, మధ్యలో మేం. ఆ స్తంభాలు లేచినప్పుడు బడిలో చేరిన పిల్లలు హైస్కూలుకు వచ్చేశారు. మరోపక్క 158 కిలోమీటర్ల అవుటర్ రింగురోడ్డు మా పొలాల పక్కనుంచే పోతుంది. రాత్రిపూట దీపాలతో ఎంత బాగుంటుందో! మా డాబా మీద నుంచి చూస్తాను. నాకు కారు లేదు కాబట్టి చూడటమే.

"తాతా, బస్సు ఎందుకు, ఫోన్‌లో కాబ్ బుక్ చెయ్" అంది మనవరాలు. చేశాను. మొన్న మాఘమాసంలో మేడిపల్లిలో పెళ్లి, రాత్రి తొమ్మిదింటికి తిరిగి రావాలి. నాలుగు నిమిషాల్లో వస్తానని ఫోన్ చెప్పింది. అరగంట అయ్యింది, ఆ నాలుగు నిమిషాలు నాలుగు నిమిషాలుగానే ఉన్నాయి. చివరికి డ్రైవరు ఫోన్ చేసి "ఎక్కడికి సార్" అన్నాడు. ఊరి పేరు చెప్పాను. "రిటర్న్ దొరకదు సార్" అని పెట్టేశాడు. అతన్ని ఏమని అనను? అతని పిల్లలు అతనికి ఉన్నారు. పెళ్లి భోజనం అరిగేదాకా నడిచి, దారిలో ఒక పాలవ్యాను ఎక్కి ఇల్లు చేరాం. యాభై ఏళ్ల తర్వాత కూడా నన్ను ఇంటికి చేర్చింది పాల క్యాన్లే.

ఇదంతా మా ఆవిడ ముందు అంటే ఒప్పుకోదు. ఆడవాళ్లకు బస్సు ఉచితమైన 2023 డిసెంబరు 9 నుంచి ఆమె లోకమే వేరు. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకుంటుంది. పక్కనే నేను పూర్తి టికెట్టు. నెలకు రెండుసార్లు యాదగిరిగుట్ట, వారానికోసారి భువనగిరిలో చెల్లెలింటికి. మొన్న నేను నైటౌట్ బస్సు కథ మళ్లీ ఎత్తుకుంటే కూరగాయల కత్తి పక్కన పెట్టి అడిగింది.

"నీ రోజులల్ల నేను బస్సు ఎన్నిసార్లు ఎక్కిన్నో చెప్పు."

నేను లెక్క మొదలుపెట్టాను.

"పెండ్లికొకసారి, సావుకొకసారి. పైసలు నువ్వియ్యాలె, తోల్కపోను నువ్వు రావాలె, నీకు పని ఉంటే నా ప్రయాణం బందు. మా అమ్మకు జ్వరమొస్తే పోనీకి నాలుగు దినాలు అడిగిన నిన్ను. నీ బస్సు ఊళ్లె పండుకుంటే నాకేమొచ్చింది? నేను గూడ ఇంట్ల పండుకునే ఉన్న."

నాకు జవాబు దొరకలేదు. నలభై ఆరేళ్ల కాపురంలో ఇది కొత్త కాదు గానీ, ఈసారి రాత్రంతా వెతికినా దొరకలేదు. ఆడవాళ్లు ముందు తలుపు అని ఇందాక రాశాను చూశారా, అక్కడ ఎంతమంది ఉండేవాళ్లో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు బస్సులో వెనక సీటు దాకా వాళ్లే. నిలబడేది నేను. నిలబడతాను, ఫుట్‌బోర్డు అలవాటున్న కాళ్లు.

నా ఏడుపు ఉచితం మీద కాదని ఆవిడకూ చెప్పాను, మీకూ చెబుతున్నాను. ఎక్కేవాళ్లు పెరిగినంతగా బస్సులు పెరగలేదన్నదే. 2019లో 52 రోజుల సమ్మె అయింది. ఆ తర్వాత నగరంలో బస్సులు తగ్గించారు. నగరమేమో ఈలోగా అవుటర్ దాటి పోయింది. కొత్త కాలనీకి నీళ్లు, కరెంటు, డ్రైనేజీ వచ్చాయా అని అడిగి ఇల్లు కొనేవాళ్లు, బస్సు వస్తుందా అని అడగడం మానేశారు. మేం ఏ ఊరికైనా పిల్లనిచ్చే ముందు కూడా అడిగేవాళ్లం.

మొన్న ఆదివారం మా తమ్ముడి కోళ్లగూటి మీద కప్పిన రేకు చూసి ఆగిపోయాను. నీలం రంగు చాలావరకు రాలిపోయింది. తుప్పు సందులోంచి ఒకే ఒక్క వరస కనిపిస్తోంది: "9.30 రాత్రి". బతిమాలి, బదులుగా కొత్త రేకు కొనిచ్చి, దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. తోమి, ఎండలో పెట్టాను.

బస్సులు నడిపే అయ్యలకు ఒక మనవి. చెట్టు కింద పడుకునే బస్సు ఇక నేనడగను, చెట్టే లేదు. మా ఊరికి పొద్దున ఎన్నింటికి వస్తారో, రాత్రి ఆఖరిది ఎన్నింటికో కచ్చితంగా చెప్పండి, చెప్పిన వేళకు రండి. రేకు నా దగ్గర ఉంది. రంగు, పెయింటరు కూలీ నేనే పెట్టుకుంటాను.