సదివి సెప్పు బావా

మా ఉద్దానం వైపు ఒక రకం మనుషులున్నారు. పుస్తకం కొనడం వాళ్లకి తెలుసు, పంచడం తెలుసు. ఆ రెంటికీ మధ్య చదవడం అని ఒక పని ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. కాశీబుగ్గలో ఆయన రిటైరైన మేష్టారు కావచ్చు, టెక్కలిలో ఎల్లైసీ ఏజెంటు కావచ్చు, కవిటిలో ఎకరం కొబ్బరితోట ఉన్న రైతు కావచ్చు. భుజాన గుడ్డసంచి వేలాడుతుంటే ఆయనే. వరస కలపకుండా ఎవరికీ పుస్తకం ఇవ్వడు కనక ఊరందరికీ బావే.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి బావ నెల ముందే టిక్కెట్టు తీస్తాడు. వెళ్లేటప్పుడు స్టాళ్లవాళ్లకి జీడిపప్పు పొట్లాలు, వచ్చేటప్పుడు రెండు అట్టపెట్టెలు. విశాఖలో పలాస ప్యాసింజరెక్కి, ఆముదాలవలస దాటేక పని మొదలెడతాడు. తిలారులో కిటికీలోంచి ఒక నవల దిగిపోతుంది. కోటబొమ్మాళిలో రెండు కథల సంపుటాలు. నౌపడలో టెక్కలివాళ్లు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంటారు, ఫోన్లు ముందే వెళ్లాయి కదా. పూండిలో వజ్రపుకొత్తూరు వాళ్లు. బండి పలాస చేరేసరికి బావ దగ్గర మిగిలేవి ఖాళీ పెట్టెలూ, బిల్లూ. ఆ బిల్లు సంగతి అక్కకి తెలియదని ఆయన గట్టి నమ్మకం.

పుస్తకానికి పాత పేపరుతో అట్ట వేసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి మరీ ఇస్తాడు. లోపలున్నది వంటల పుస్తకమైనా అంతే. ఇది పెద్దల దగ్గర అబ్బిన అలవాటు. బొడ్డపాడు, మందస పేర్లు పోలీసుల నోట నలిగిన 1969-70 నక్సలైటు ఉద్యమం రోజుల్లో, సుబ్బారావు పాణిగ్రాహి పాటలు తిరిగిన ఈ నేల మీద, చేతిలో ఉన్న పుస్తకాన్ని బట్టి మనిషిని అనుమానించేవారు. కాలం మారింది. బావ గొంతు మాత్రం ఇంకా పెరగలేదు.

తిరిగి ఇమ్మని అడగడు. ఎంత మంచివాడో అనుకుంటాం, మూడోనాడు పొద్దున్నే ఫోను మోగేదాకా.

"ఏటి బావా, ఎంతవరకొచ్చినావు?"

"నలభై పేజీలు బావా."

"ఆ పిల్లకి పెళ్లయిపోనాదా?"

"ఇంకా లేదు."

"మరి ముసలోడు? ఉన్నాడా, పోనాడా?"

ఓసారి కాశీబుగ్గ బస్టాండు దగ్గర టీ తాగుతూ ఫోనులో ఇలాగే కనుక్కుని, "అయ్యో, ముసలోడు పోనాడా!" అని గట్టిగా అనేశాడు. టీ కొట్టు చిన్నమ్మ గ్లాసు కింద పెట్టి, "పాపం, ఎప్పుడు బాబూ?" అంది. బావ తడుముకోకుండా, "నూటెనభయ్యో పేజీలో సిన్నమ్మా" అన్నాడు.

పలాస గాలి పీల్చినవాడు కనక చదివేవాళ్లని కూడా జీడిపప్పులా గ్రేడు చేస్తాడు. మొత్తం చదివినవాడు గుండు. సగంలో ఆపినవాడు బద్ద. ముందుమాటా వెనకట్టా చూసి మాట్లాడేవాడు ముక్క. గుండులోనూ తేడాలున్నాయి. పౌనుకి 180 తూగే లావు పప్పుకున్న ధర 320 తూగేదానికి ఉండదు. బావ లెక్కలో 180 రకమంటే రెండోసారి కూడా చదివినవాడు. మందసలో ఒకరు, హరిపురంలో ఒకరు ఉన్నారంటాడు, ఎవరికీ చూపించడు.

గ్రేడు తేల్చడానికి సాక్ష్యం కావాలి. జీడిపిక్క తొక్కలో ఉండే నూనె చేతికంటితే పొక్కుతుంది, నల్లమరక ఓ పట్టాన వదలదు. ఆ పనివాళ్లు చేతులకి ఆముదమో బూడిదో రాసుకుంటారు. వాళ్లలో ఒకావిడ బావకి ఖాయం పాఠకురాలు. ఆవిడ చదివిన పుస్తకంలో ప్రతి పేజీ కింది మూలా నల్లటి బొటనవేలి ముద్ర ఉంటుంది. లెక్చరర్ల ఇళ్ల నుంచి మాత్రం పుస్తకాలు వెళ్లినంత తెల్లగానూ తిరిగొస్తాయి. "ఇదెవులూ ముట్టనేదు" అని బావ వాటిని మళ్లీ కొత్తవాటిలో కలిపేస్తాడు. ముద్రలు 62వ పేజీలో ఆగిపోయాయంటే ఆ నవల పని అయిపోయినట్టే. తెలుగులో ఇంతకన్నా నిజాయితీ ఉన్న విమర్శ నేనెక్కడా చూడలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరీ జీడీ పనసా వేళ్లతో సహా పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. బావ ఇంటి పెంకులు లేచిపోయి, ఇంట్లో ఉన్న కాసిని పుస్తకాలూ తడిసిపోతే, పిక్కలారబోసే కళ్లంలోనే వాటినీ ఆరబోశాడు. నీళ్ల ట్యాంకరు కోసం వచ్చినవాళ్లు తలా ఒకటి పట్టుకుపోయారు. టీవీ లేదు, సెల్లు లేదు, తోటలో పనీ లేదు. ఉద్దానం ఎన్నడూ చదవనంత చదివింది. "అంత నష్టంలో అనకూడదు గానీ..." అని బావ ఇప్పటికీ మొదలెడతాడు. అక్క మొహం చూసి ఆపేస్తాడు.

పుస్తకాల సభల్లో ఆయన ప్రసంగం నలుగురి ఫోన్లు కలిపి కుట్టింది. అందుకే నవల మొదటి సగం అద్భుతమంటాడు, వెంటనే ఆ సగం కొట్టేయాల్సిందంటాడు. మెళియాపుట్టి పాఠకుడు ఏడ్చాడు కాబట్టి విషాదం, సోంపేట పాఠకుడు నవ్వాడు కాబట్టి హాస్యం. టెక్కలి సభలో ఓసారి ఆ నవల రాసినాయనే ముందువరసలో కూర్చుని, తాను ఇంత రాశానా అని కళ్లొత్తుకున్నాడు. ఇంతలో వెనక నుంచి ఓ కుర్రాడు, "మీరు చదివేరా మాస్టారూ?" అని అడిగేశాడు.

"సదివీసిన పుస్తకం కొత్తదెలాగవుతాది నాన్నా?" అన్నాడు బావ. చప్పట్లు మోగేసరికి ఇంకాస్త అందుకున్నాడు. "కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం కట్టి కథలన్నీ దాచేరు. దాచడానికి ఆయనుండేరు, మోయడానికి నానున్నాను. అందరమూ సదువుతూ కూకుంటే మోసీవోడెవుడు?"

2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఎత్తేసినప్పుడు బావ సరిగా అన్నం తినలేదు. ఇప్పుడు పుస్తకాలు ఆర్టీసీ కండక్టర్ల చేతుల్లోనూ, కొబ్బరికాయల లారీల మీదా, పెళ్లికెళ్లే చుట్టాల సంచుల్లోనూ ప్రయాణం చేస్తున్నాయి. ఇచ్ఛాపురంలో దిగాల్సిన నవల ఒకటి దిగకుండా బరంపురం పోయింది. అక్కడి తెలుగువాళ్లెవరో చదివి, అట్ట లోపలున్న నంబరు చూసి ఫోన్ చేసి, రెండో భాగం ఉందా అని అడిగారు. మొదటి భాగం ఎలాగుందో ముందు సెప్పమని బావ గంటసేపు విన్నాడు. రెండో భాగం రెండు వారాల్లో పంపిస్తానని మాట కూడా ఇచ్చేశాడు. దాన్ని ఇంకా ఎవరూ రాయలేదు. ప్రస్తుతం రచయిత బావ ఫోను ఎత్తడం మానేశాడు.