పెదనాన్న పేరు మీద రెండెకరాలు

1968 శివరాత్రికి మా ఊరి ప్రభ వెంట కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళిన మా పెదనాన్న తిరిగి ఇంటికి రాలేదు. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆ రోజుల్లో ప్రభల్ని ఎడ్లే లాగేవి. తెల్లవారుజామున ఎడ్లకు గడ్డి వేసి, "మంచినీళ్ళు తాగొస్తా" అని చెప్పి లేచాడట. అదే ఆఖరు.

పొద్దెక్కేసరికి మా ఊరివాళ్ళు నలభై మంది కొండ చుట్టూ గాలించారు. మెట్ల దారి, యల్లమంద వైపు, కోనేటి గట్టు, ఏదీ వదల్లేదు. తిరునాళ్ళ మైకులో పేరు, ఊరు, తువ్వాలు రంగుతో సహా మూడు రోజులు పిలిపించారు. ఆ మైకు మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. ఇప్పుడూ శివరాత్రికి మైకు ఉంటుంది గానీ, వంద అడుగుల కరెంటు ప్రభల ముందు మోగే డీజే హోరులో పక్కనున్నవాడు పిలిచినా వినపడదు. తప్పిపోయిన పిల్లవాడి పేరు అందులో ఎవరికి వినపడుతుంది?

స్టేషనుకు వెళ్తే, "మగాడేగా, నాలుగు రోజులు చూడండి, వస్తాడు" అన్నారు. ఇక మా నాన్నే బయల్దేరాడు. పంచె, చేతిసంచి, జేబులో పెదనాన్న పెళ్ళి ఫొటో. నాగార్జునసాగర్ కాలవ పనుల్లో ఉన్న మన వైపు మేస్త్రీలను ఒక్కొక్కరినీ అడిగాడు. మాచర్ల రైల్లో టీ అమ్మేవాళ్ళకు ఫొటో చూపించాడు. సాధువుల్లో కలిశాడేమోనని ఎవరో అంటే శ్రీశైలం వెళ్ళొచ్చాడు. పల్నాటి యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడని మా వైపు చెప్పుకుంటారు కదా, మనసు విరిగినవాళ్ళు అక్కడికి పోతారని ఓ ముసలాయన అన్నాడని, లాంతరు పట్టుకుని ఆ బిలంలోకి కూడా దిగి చూసొచ్చాడు. పేపర్లో "కనబడుటలేదు" ప్రకటన వేయించాడు. "నీవు ఎక్కడ ఉన్నను వెంటనే రావలెను. నిన్ను ఎవరూ ఏమీ అనరు." మా రోజుల్లో ఆ ప్రకటనలన్నీ ఇలాగే ఉండేవి. చదివినవాళ్ళు ఆ ముఖం గుర్తు పెట్టుకునేవాళ్ళు. తిరుపతి, కాశీ సత్రాల వాళ్ళకు రాసిన ఉత్తరాలకు జవాబుగా వచ్చిన పోస్టుకార్డులు మా వసారాలో ఇనప తీగకు గుచ్చి ఉండేవి. ముక్కూ ముఖం తెలియనివాళ్ళు రాసినవి. "తమరు చెప్పిన ఆనవాళ్ళ మనిషి ఇక్కడికి రాలేదు, వస్తే తప్పక తెలియజేస్తాము" అని.

పన్నెండేళ్ళు నిండాక పెద్దలు కూర్చుని, దర్భ బొమ్మ చేసి కర్మ జరిపిద్దామన్నారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. గొల్లభామ ఆనందవల్లి శాపం వల్ల కోటప్పకొండ మీద కాకి వాలదని మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. "ఆయన పోయింది కాకి వాలని చోటుకి. పిండం పెడితే ఎవరు ముట్టుకుంటారు?" అంది. ఆమె బొట్టు తీయలేదు, మట్టెలు తీయలేదు. ఊళ్ళో పెళ్ళిళ్ళకు ఆమెను ముత్తయిదువుగానే పిలిచారు. ఆ పిలుపు కోసం ఊరు మొత్తం ఏమీ ఎరగనట్టు నడుచుకుంది. అప్పుడు నోళ్ళు మూసుకుని కూర్చున్నారని అనను. చెవులు కొరుక్కున్నారు. కానీ ఆ మాట పెద్దమ్మ చెవిన పడకుండా చూసుకోవాలన్న ఇంగితం ఉండేది.

ఇప్పుడు ఆ ఇంగితమే పోయింది. మొన్న చలికాలంలో మా బంధువుల పిల్లలెవరో ఆ పెళ్ళి ఫొటోను ఫోనులోకెక్కించారు. మంచికే చేశారనుకుంటాను. వారం తిరిగేలోగా అది మా చేతులు దాటిపోయింది. అప్పులపాలై పారిపోయాడని ఒకరు, ఇంకో సంసారం ఉందని ఒకరు. చివరికి ఒకడు రాశాడు: 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలవలకు నీళ్ళు వదిలింది, మెట్ట మాగాణి కాబోతోంది, ధర పెరిగింది, మరుసటి ఏడే అన్న మాయమయ్యాడు, లాభం తమ్ముడికేగా! తమ్ముడంటే మా నాన్న. దానికి వంద మంది వంత పాడారు. మా మనవడు చదివి వినిపించి, "తాతయ్యా, నిజమేనా?" అని అడిగాడు. డెబ్బైకి దగ్గరపడిన వయసులో మనవడికి మా నాన్న తరఫున సంజాయిషీ చెప్పుకున్నాను.

దొరకని మనిషి గురించి ఇంట్లోవాళ్ళే ఒక మాట మీద ఉండలేరు. నేతాజీ సంగతే చూడండి. 1945 ఆగస్టు 18న తైపేలో విమానం కూలిపోయిందన్నారు. విచారణకు 1956లో వేసిన షానవాజ్ ఖాన్ కమిటీలో నేతాజీ అన్న సురేశ్‌చంద్ర బోస్ కూడా సభ్యుడే. మిగతా ఇద్దరూ ఆ ప్రమాదంలోనే పోయాడని రాస్తే ఆయన ఒప్పుకోక విడిగా రాశాడు. నేతాజీ కూతురు అనిత మాత్రం తండ్రి ఆ ప్రమాదంలోనే పోయాడని నమ్మి, టోక్యో రెంకోజీ గుడిలో ఉన్న అస్థికలను దేశానికి తెమ్మని అడుగుతోంది. తర్వాత ఖోస్లా కమిషన్, ముఖర్జీ కమిషన్ వచ్చినా మాట తేలలేదు. రక్తసంబంధం ఉన్నవాళ్ళకే తేలనిది, ఫోను పట్టుకున్నవాడికి అర నిమిషంలో ఎట్లా తేలిపోతుందండీ?

ఇది మాటలతో పోయేదైనా బాగుండును. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని 2018లో పుకారు పుడితే, జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లాలో ఐదుగురు అమాయకుల్ని కొట్టి చంపేశారు. ఆ నెలలోనే వాట్సాప్ వాళ్ళు మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టారు. దొరికిన పిల్లవాడి ఫొటో కూడా ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంటుంది. వాడు పెద్దవాడై కాలేజీకి వెళ్తున్నా, "తప్పిపోయాడు, షేర్ చేయండి" అని వస్తూనే ఉంటుంది.

ఫోను వల్ల మేలు లేదని అనను. ఉత్తరప్రదేశ్‌లో 2015లో తప్పిపోయిన ఓ పిల్లవాడు అస్సాంలోని పిల్లల ఆశ్రమంలో ఉన్నాడని 2020లో తెలంగాణ పోలీసులు 'దర్పణ్' అనే ముఖాలు పోల్చే యాప్‌తో పట్టుకుని తల్లిదండ్రులకు అప్పగించారు. అలాంటిది 1968లో ఉండుంటే మా పెదనాన్న ఇంటికి వచ్చేవాడేమో! ఆ రాత నాకు లేదు, ఉన్నవాళ్ళన్నా సరిగ్గా వాడుకోండి. మీ ఇంట్లో ఎవరైనా కనబడకపోతే ఆ పూటే స్టేషనుకు వెళ్ళండి. ఇరవైనాలుగు గంటలు ఆగాలని ఏ చట్టంలోనూ లేదు. పిల్లలు తప్పిపోతే తప్పనిసరిగా ఎఫ్ఐఆర్ కట్టాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. కొత్త ఫొటో, కట్టుకున్న బట్టలు, పుట్టుమచ్చలు రాసి ఇవ్వండి. మనిషి దొరికితే ఆ సంగతి కూడా అందరికీ పంపండి.

ఇక మా నాన్న మాట. ఏడేళ్ళపాటు అయినవాళ్ళెవరికీ ఆచూకీ తెలియకపోతే మనిషి పోయినట్టే భావించవచ్చని సాక్ష్యాల చట్టం 108వ సెక్షన్ చెప్పేది, ఇప్పుడు కొత్త చట్టంలోనూ ఉంది. కోర్టుకు వెళ్ళి ఆ పొలం సంగతి తేల్చుకోమని చాలామంది చెప్పారు. మా నాన్న వెళ్ళలేదు. అన్న వాటా రెండెకరాలకు ప్రతి ఏడూ అన్న పేరు మీదే శిస్తు కట్టాడు, పంట డబ్బులు పెద్దమ్మ చేతికిచ్చాడు. పెద్దమ్మ 1999లో బొట్టుతోనే పోయింది.

మా నాన్న మీద ఆ మాట రాసినవాళ్ళు ఇది చదివితే, ఒకసారి మా ఇంటికి రండి. పోస్టుకార్డుల తీగ ఇంకా ఉంది, శిస్తు రసీదులూ ఉన్నాయి. చూసి వెళ్ళి, ఆ రాత తీసేయండి.